నాయన చెవులతో ఎక్కిన కనుమ

1956 డిసెంబరు ఆరో తేదీ, గురువారం. ఉదయం ఆరూ పదికి మేము ఇంటి నుంచి బయలుదేరాం. జీపు నేను నడిపాను. పక్కన మా నాయన కూర్చున్నాడు. రాయచోటిలో కళ్ళకు ఆపరేషన్ చేసే డాక్టరు ఉదయం తొమ్మిదిన్నర దాకానే పేర్లు రాయించుకుంటాడని, అదే ఆఖరు రోజని ముందు రోజు సాయంత్రం మాకు కబురు వచ్చింది. కడపకు దక్షిణాన ఉన్న మా ఊరి నుంచి రాయచోటి ఇరవై తొమ్మిది మైళ్ళు. మధ్యలో గువ్వలచెరువు కనుమ ఎక్కాలి.

ఆ డాక్టరు మద్రాసు నుంచి ఏటా చలికాలంలో వచ్చేవాడు. ఎండల్లో కోస్తే కన్ను చీము పడుతుందని ఆ రోజుల్లో అందరికీ భయం. ఆ ఏడు ముందు కడపలోనే పన్నెండు రోజులు ఉన్నాడు. మా నాయన పన్నెండు రోజులూ ఏదో ఒకటి చెప్పాడు. చెనిక్కాయలు ఇంకా కళ్ళంలోనే ఉన్నాయన్నాడు. ఎద్దుకు జబ్బుగా ఉందన్నాడు. నాలుగు రోజులు అమావాస్య దగ్గర పడిందన్నాడు, రెండు రోజులు అమావాస్య ఇప్పుడే పోయిందన్నాడు. డాక్టరు కడప వదిలి రాయచోటి వెళ్ళాక, "అయ్యో, పోయినాడా" అని విచారపడ్డాడు.

మా అమ్మ ఆ మాట నమ్మలేదు. కడప ఆసుపత్రి కాంపౌండరు ఒకసారి మా ఊరికి వచ్చినప్పుడు నాయన కళ్ళలో టార్చి వేసి చూసి, ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. ఎడమ కంట్లో పొర ముదిరిపోయింది, ఇంకో ఏడాది ఆగితే కోసినా లాభం ఉండదు అన్నాడు. కుడి కన్నూ అదే దారిలో ఉంది.

నాయనకు ఎంత కనిపిస్తోందో మాలో ఎవరికీ తెలియదు. అడిగితే "కొంచెం మసక" అనేవాడు. ఇంట్లో ఎక్కడా తట్టుకునేవాడు కాదు. చేనికి ఒక్కడే వెళ్ళి వచ్చేవాడు. గడపలో మనిషి అడుగు పెడుతూనే పేరు పెట్టి పలకరించేవాడు. కాబట్టి మసక అంటే మసకే అనుకున్నాం.

జీపు సంగతి కూడా చెప్పాలి. యుద్ధం అయిపోయాక పటాలం జీపులు మద్రాసులో అమ్మితే, నాయన ఒకటి కొని తెచ్చాడు. అమెరికా బండి, స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. 1954 జూన్‌లో నన్ను పిలిచి నేర్చుకో అన్నాడు. నాకు అప్పుడు పందొమ్మిదేళ్ళు. ఊళ్ళో ఒకాయన, "ఆడపిల్లకు మోటారెందుకప్పా, రేపు అత్తగారింటికి తనే తోలుకొని పోతాదా" అని నవ్వితే, "పోతాది. తిరిగి గూడా వస్తాది" అన్నాడు నాయన. నేర్పించినంతకాలం ఆయన జీపులో నా పక్కన కూర్చుని, గేరు మార్చే శబ్దం విని తప్పులు చెప్పేవాడు.

ఆ ఉదయం అమ్మ రొట్టెల మూట వెనక సీటులో పెట్టి నాయనతో, "ఈ పొద్దు నడిమధ్యలో తిరిగొచ్చినావంటే వాకిలి తీయను, చెప్తాండా" అంది.

"నేనేడ తిరిగొస్తా? తోలేది నీ కూతురు గదా" అన్నాడు నాయన.

"అందుకే దానికి గూడా చెప్తాండా."

పదకొండు మైళ్ళు మామూలుగా సాగాయి. చలి బాగా ఉంది. నాయన కంబడి కప్పుకున్నాడు, నేను కొంగు తల మీదుగా బిగించి కట్టుకున్నాను. ఆరూ నలభై ఎనిమిదికి కనుమ మొదట్లోకి వచ్చాం. అక్కడ రోడ్డు లేదు. కొండ లేదు. తెల్లగా మంచు నేల దాకా దిగి ఉంది. అంతకు ముందు మార్గశిరంలో ఆ దారిన ఆరుసార్లు వెళ్ళాను గాని అంత మంచు ఎప్పుడూ చూడలేదు. బండి ఆపాను.

"ఏమి నిలిపినావు?" అన్నాడు నాయన.

"మంచు నాయనా. బానెట్టు అవతల ఏమీ కనపడలేదు."

"అట్లనా?" అన్నాడు. ఆయన గొంతులో కొంచెం సంతోషం వినిపించిందని నాకు అప్పుడే అనుమానం. "అయితే తిప్పు పాపా. రేపొద్దాం."

"రేపు డాక్టరు పేర్లు రాసుకోడు."

"వచ్చే ఏడు రాడా?"

రాయచోటి బస్సు వస్తే దాని వెనక పోదామని పన్నెండు నిమిషాలు చూశాను. రాలేదు. అంత మంచులో బస్సులవాళ్ళు కూడా కడపలోనే ఆగిపోయి ఉంటారు. ఏడు గంటలకు మొదటి గేరు వేసి కదిలించాను.

నూరు గజాలు పోయేసరికి చెమట పట్టింది. రోడ్డు ఎడమ అంచు నా పక్కన ఉంది, అంచు అవతల లోయ. తల బయటికి పెట్టి చక్రం పక్కన నేల చూసుకుంటూ పోతున్నాను. నాయన అడిగాడు: "దీపాలు ఎలిగించినావా?"

"ఎలిగించినా. ఎదర తెల్లగోడ కట్టినట్టు ఉండాది."

"ఆర్పు. అద్దం గూడా పండబెట్టు. ఇంజను సద్దు నాకు బాగా ఇనపడాల."

ఆ జీపు ముందు అద్దాన్ని బానెట్టు మీదికి వాల్చవచ్చు. దిగి వాల్చాను. ముఖానికి చలి సూదుల్లా తగిలింది. కాని నిజంగానే దీపాలు ఆర్పాక నాలుగు గజాలైనా కనిపించింది.

"ఇప్పుడు చెప్తా, ఇను" అన్నాడు నాయన. "రాయి నా పక్క ఉండాది. ఇంజను సద్దు దానికి తగిలి వాపసు వస్తాంది. ఆ సద్దు నా చెవికి ఇంతే ఉండేటట్టు తోలు. తగ్గితే నువ్వు లోయ పక్కకు పోతాండావు. ఎక్కువైతే రాతికి ఆనుకుంటావు. పోనీ."

నాయన పదహారో ఏట నుంచి పన్నెండేళ్ళు ఆ కనుమ మీద ఎద్దుల బండి తోలాడు. పైకి ఉప్పు, కిందికి చింతపండు. ఎండకు ఎద్దులు ఎక్కలేవని రాత్రిపూటే ఎక్కేవాళ్ళు. మొదటి బండివాడు మేలుకుని ఉంటే చాలు, వెనక బండ్లవాళ్ళు పడుకునే పోయేవాళ్ళు. కనుమలో ఎద్దులను ఆపి ఊపిరి తీసుకోనిచ్చే చోట్లు ఏడు ఉండేవి. ఒక్కో చోటును దమ్ము అనేవాళ్ళు. నిద్రలోనే సద్దు మారితే, ఇది రెండో దమ్ము, ఇది మూడో దమ్ము అని తెలిసిపోయేదని నాయన చెప్పాడు.

"మొదటి దమ్ము కాడ మోరీ కింద నీళ్ళు పారతాంటాయి, చూడు."

నీళ్ళు వినిపించాయి. మీటరు చూసుకున్నాను. మొదట్నుంచి అర మైలుకు కొంచెం తక్కువ. రెండో దమ్ము దగ్గర ఎడమ చేతికి వెదురుపొద కిర్రుమంటుందన్నాడు, కిర్రుమంది. మూడో చోట హారను కొట్టమన్నాడు. కొడితే కొండ రెండుసార్లు బదులిచ్చింది. "ఆఁ, మూడో దమ్ము" అని తొడ మీద చరుచుకున్నాడు. నాలుగో చోట ఎడమ నుంచి గాలి ఒక్కసారిగా కొట్టింది. నాలుగూ ఇంచుమించు సమాన దూరంలో వచ్చాయి. ఒక్కటి కూడా తప్పలేదు. చిన్నప్పుడు ఎప్పుడో నేర్చుకున్న దారిని అంత సరిగ్గా చెబుతుంటే నాకు ధైర్యం వచ్చింది. తల బయటికి పెట్టడం మానేశాను.

అయిదో చోటు వచ్చింది. "ఈడ రాయి దూరమైతాది. భయపడాకు. నేరుగా పో" అన్నాడు.

రాతి సద్దు దూరమైంది. నేరుగా పోయాను. కొంచెం పోయాక చక్రాల కింద కంకర సద్దు ఆగిపోయింది. మెత్తటి మన్ను. బండి ముందుకు వాలింది.

"నాయనా, కిందికి దిగుతాంది."

"దిగుతాది. రవ్వంత దిగి మళ్ళా ఎక్కుతాది."

ఇంకో నలభై గజాలు పోయేసరికి బండి అడుగుకు పొదలు రాసుకున్నాయి. బ్రేకు వేసి ఇంజను ఆపాను. టైము చూసుకుంటే ఏడూ నలభై నాలుగు.

అప్పుడే ఎండ కొండ దాటింది. మంచు అంచుల నుంచి విడిపోతూ నాలుగైదు నిమిషాల్లో పూర్తిగా పోయింది. మేము ఒక పల్లంలో ఉన్నాం. ఎదురుగా రాతి తొట్టి, దాని పక్కన నీటి ఊట. బండి ముందు చక్రాల నుంచి పదకొండు అడుగుల దూరంలో నేల తెగిపోయి వాగులోకి దిగింది. రోడ్డు మా వెనక, కుడి వైపు మలుపు తిరిగి పైకి పోతోంది. కట్టెల మోపు బండ మీద దించుకుని ఒక ముసలావిడ ఊట దగ్గర ముఖం కడుక్కుంటోంది. మమ్మల్ని చూసి చేతులు నడుం మీద పెట్టుకుంది.

"ఏమ్మా, మోటారుకు గూడా దప్పికయిందా? ఎద్దులకు నీళ్ళు తాపే తావుకు తోలుకొచ్చినావు."

"దోవ తప్పినామవ్వా. ఇట్లనే పోవాలని చెప్పినాడు మా నాయన."

"మా అత్త కాలంలో బండ్లు ఈడికే వస్తాండెనంట. మోటార్లు వచ్చినాక దోవ ఆ పక్క కొట్టినారు. ఇప్పుడు ఈడికి కోతులొస్తాయి, నేనొస్తా. ఈ పొద్దు మీరొచ్చినారు."

నాకు విషయం అర్థమైంది. నాయన మోటారులో ఆ కనుమ ఎన్నోసార్లు ఎక్కాడు. కాని అప్పుడు కళ్ళతో చూస్తూ పోయాడు కాబట్టి ఏదీ గుర్తుపెట్టుకోలేదు. ఆయనకు గుర్తున్నది నిద్రలో విన్న పాత బండ్ల దారి.

"ఎవురమ్మా మాట్లాడేది?" అన్నాడు నాయన. "యాడుండావు?"

"నీ ఎదరనే ఉండానప్పా. నాలుగు బారల దూరం గూడా లేను."

"ఈ మంచులో యాడ కనపడతావు తల్లీ."

ఆమె నా వైపు చూసింది. మళ్ళీ నాయన ముఖం చూసింది. ఎండ నేరుగా ఆయన కళ్ళలో పడుతోంది. ఆయన కళ్ళు చిట్లించలేదు. ఆమె తొట్టి అంచున కూర్చుంది.

నాయన నా వైపు తిరిగాడు. "నా మాట విన్లేదు గదా పాపా. ఈ మంచు మధ్యాహ్నం దాకా ఇడిసేటట్టు లేదు. తిప్పు. ఇంటికి పోదాం. మీ అమ్మకు నేను చెప్పుకుంటా."

రెండేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని జీపు నడుపుతున్నాను. కొంచెం మసక అన్న మాటను ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదు.

"నాయనా, మంచు పోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే" అన్నాను. అది నిజం కాదు కాబట్టి మళ్ళీ చెప్పాను. "ఎనిమిది నిమిషాలైంది."

ఆయన చేయి ఎత్తి తన ముఖం ముందు పెట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. దించేశాడు.

"ఎండ వచ్చిందా?"

"వచ్చింది. నీ మొగం మీదనే ఉండాది."

"తెల్లగా ఉంటే మంచనుకున్నా. ఎచ్చగా ఉంటే, ఇంజను ఏడి అనుకున్నా."

ఊట నీళ్ళు తొట్టిలో పడుతున్న సద్దే ఉంది. కాసేపటికి నాయన తనంతట తనే మొదలుపెట్టాడు.

"నువ్వు జీపు నేర్చుకునే కాలానికే అంతా పోయినట్టే. నేను తోలలేకనే నీకు నేర్పించినా. ఇంట్లో మంచానికీ వాకిలికీ పదకొండడుగులు. వాకిలికీ ఎద్దుల గాటిపాటకూ ఇరవై ఆరు. లెక్క పెట్టుకొని తిరగతాండా."

"అమ్మకు చెప్పుంటే ఏమయ్యేది?"

"చెప్పింటే అప్పుడే ఆసుపత్రికి తోలుకొని పోయేది. మా చిన్నాయనకు నేను చిన్నప్పుడు సూది పొడిచినారు కంట్లో. ఊరూరా తిరిగేటోళ్ళు వచ్చి, చెట్టు కింద కూచోబెట్టి పొడిచినారు. నన్ను కాళ్ళు పట్టుకోమన్నారు. ఆయప్ప అరిచిన అరుపు ఈ పొద్దుటికీ నాకు ఇనపడతాది. కన్ను గూడా రాలేదు."

ముసలావిడ తొట్టి మీద నుంచే అందుకుంది.

"ఇప్పుడట్ల లేదప్పా. మా ఊర్లో ఒకామెకు పోయిన చలికాలం కోసినారు. మందు ఏసి కోసినారంట, ఏమీ తెల్లేదంట. ఇప్పుడు కోడలు ఉట్టి మీద చెయ్యి పెట్టినా కనిపెడతాంది. కండ్లు వచ్చినాక ఆయమ్మకు బాగుండాది గాని, కోడలికే శానా కష్టమైపోయింది."

నాయన నవ్వాడు. చిన్నగా మొదలై కంబడి జారిపోయేదాకా నవ్వాడు. తర్వాత కంబడి సర్దుకుని, "టైమెంత?" అన్నాడు.

"ఎనిమిదీ అయిదు."

"పోతే అందుకుంటామా?"

"ఇంకా పదహారు మైళ్ళు. దోవ బాగుంటే గంట చాలు."

"అయితే పద. ఇంకేడ తిప్పాలో నన్నడగాకు, నువ్వే చూసుకో" అన్నాడు.

అక్కడ బండి తిప్పడానికి చోటు లేదు. వెనక్కే పోవాలి, మొత్తం నూట ముప్పై గజాలు. ముసలావిడ బండి వెనక నిలబడి, ఎద్దులను పిలిచినట్టు "హా, హా, రా, రా" అంటూ చేత్తో దారి చూపింది. ఒకచోట వెనక చక్రం గుంతలో దిగితే, "ఎద్దయితే తోక మెలేద్దును, దీనికి తోక యాడుండాది?" అంది. రెండు రాళ్ళు చక్రం కింద వేసింది. రోడ్డు మీదికి వచ్చాక అమ్మ కట్టిచ్చిన రొట్టెల్లో సగం ఆమెకు ఇచ్చాను. ఆమె కొంగులో కట్టుకుని మోపు కోసం మళ్ళీ పల్లంలోకి దిగింది.

రాయచోటికి చేరేసరికి తొమ్మిదీ పదహారు. డాక్టరు దిగిన సత్రం ముందు జనం వరసగా కూర్చుని ఉన్నారు. మా ముందు ఇరవై మూడు మంది. పేర్లు రాసుకునే మనిషి తొమ్మిదీ ఇరవై ఏడుకు మా దగ్గరికి వచ్చాడు. పేరు, ఊరు, వయసు అడిగి, "ఎంత కనపడతాది?" అన్నాడు.

ఇక్కడ "కొంచెం మసక" అంటాడేమోనని నేను నాయన చేయి పట్టుకున్నాను. ఆయన చేయి వదిలించుకున్నాడు.

"ఏమీ కనపడలేదప్పా. రెండేండ్ల నుంచి ఏమీ కనపడలేదు" అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళందరికీ వినిపించేటట్టు అన్నాడు.

లోపల డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. "ముందు చెయ్యి యాడుండాదో చెప్పు సామీ" అన్నాడు నాయన. డాక్టరు టార్చి వేసి, వెలుగు ఎటు నుంచి వస్తోందో చూపమన్నాడు. కుడి నుంచి, ఎడమ నుంచి, పై నుంచి, కింది నుంచి. నాలుగుసార్లూ నాయన వేలు సరిగ్గా వెలుగు వైపే పోయింది. "వెలుగు తెలుస్తున్నంత వరకు ఆశ ఉంది. ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే నేను చేయగలిగింది లేదు" అన్నాడు డాక్టరు.

మర్నాడు శుక్రవారం ఎడమ కన్నుకు ఆపరేషన్ చేశారు. నేను బయట ఉన్నాను. లోపలి నుంచి ఏ అరుపూ రాలేదు. ఎనిమిది రోజులు తల కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి పడుకోబెట్టారు. దగ్గకూడదు, నవ్వకూడదు. గంజి చెంచాతో నేనే పోశాను. ముసలావిడ చెప్పిన కోడలి సంగతి గుర్తొచ్చి నాయన రెండుసార్లు నవ్వబోయి, అక్కడి కాంపౌండరు చేత తిట్లు తిన్నాడు. తొమ్మిదో రోజు కట్టు విప్పి, దళసరి అద్దం ఒకటి కంటి ముందు పెట్టి డాక్టరు మళ్ళీ వేళ్ళు చూపించాడు.

నాయన చాలాసేపు చూశాడు. "మూడు" అన్నాడు. "నడిమి దానికి ఉంగరం ఉండాది."

కళ్ళద్దాలు ఆరు వారాల తర్వాత కడపలో ఇప్పిస్తామన్నారు. అంతవరకు ఎండ, గాలి, దుమ్ము తగలకూడదని రెండు కళ్ళకూ ఆకుపచ్చ గుడ్డ కట్టారు.

పదిహేడో తేదీ సోమవారం తొమ్మిదిన్నరకు తిరుగు ప్రయాణం. మంచు లేదు. గువ్వలచెరువు దాటి కనుమ దిగడం మొదలుపెట్టాను. నాయన సద్దు వినమని చెప్పలేదు, దమ్ములు లెక్కపెట్టలేదు. మొదటి మలుపు తిరిగాక, "ఇప్పుడేముండాది పాపా?" అన్నాడు.

రెండేళ్ళలో ఆయన నన్ను అలా అడగడం అదే మొదటిసారి.

చెప్పాను. లోయలో అడుగున రెండు తెల్లావులు మేస్తున్నాయని చెప్పాను. కొండ మీద బోదగడ్డి ఎండి పచ్చగా కాక ఎర్రగా ఉందని చెప్పాను. ఎదురుగా బస్సు వస్తే ఆపి దారిచ్చాను. బస్సు మీద ఏముందని అడిగాడు. గంపలన్నాను. ఎన్ని అన్నాడు. పద్నాలుగు. గంపల్లో ఏముంది? తెలియదు నాయనా, గోనెపట్ట కప్పి ఉంది. పక్కన ఎవరైనా కూర్చున్నారా? ఒకాయన కూర్చున్నాడు, ఎర్రతలగుడ్డ, బీడీ కాలుస్తున్నాడు.

"ఇంకా?" అన్నాడు.

రోడ్డు పొడవునా రాళ్ళకు కొత్తగా సున్నం కొట్టారని చెప్పాను. అది ఎడమ పక్కనా, కుడి పక్కనా అని అడిగాడు. అదీ చెప్పాను. కనుమ దిగేసరికి గొంతు ఆరిపోయింది. ఆపి నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరితే, నాయన కంబడి తీసి ఒళ్ళో మడిచి పెట్టుకుని, "ఆఁ, ఇప్పుడు చెప్పు" అన్నాడు.